వాగు వైపా, సముద్రం వైపా

ఆ జూలైలో మా మామగారూ, మా ఆయనా నాలుగు రోజులు మాట్లాడుకోలేదు. పోట్లాట ఏమీ లేదు. పోట్లాటైనా బాగుండేది, ఎవరో ఒకరి పక్షం చేరి నేనూ నోరు చేసుకునేదాన్ని. చేపలు పట్టే ఇంట్లో పుట్టినదాన్ని, నాకు మౌనం పడదు. మా రేవులో గాలివాన ముందు తప్ప ఎవరూ నోరు మూసుకోరు.

ఆ ఏడాది ఓపెన్ అనే పెద్ద గోల్ఫ్ పోటీ మా ఊరు క్రెయిగ్‌హేవెన్‌కి వచ్చింది. పదకొండేళ్ళ తర్వాత రావడం. మా మామగారు ఎబెన్ ట్రెయిల్ నలభై ఏళ్ళుగా మా గోల్ఫ్ మైదానంలో గడ్డి పని చూస్తున్నాడు. పద్దెనిమిది గ్రీన్‌ల మీద, అంటే నున్నగా కత్తిరించిన గడ్డి చదునుల మీద, బంతి పడే పద్దెనిమిది గుంటలు తవ్వేది ఆయనే. పోటీ రోజుల్లో ప్రతి పొద్దునా పాత గుంట పూడ్చి, అదే గ్రీన్ మీద ఇంకోచోట కొత్తది తవ్వాలి. ఎక్కడ తవ్వాలన్నది ఆయన ఇష్టం. మా ఆయన నినియన్ ఆటకర్రలు చెక్కే కొట్లో పనివాడు. ముప్పైయారేళ్ళు, యుద్ధంలో ఇనపముక్క దిగిన మోకాలు. అర్హత పోటీలో నెగ్గి, అమెరికా నుంచీ ఇంగ్లండు నుంచీ వచ్చిన పేరుమోసిన వాళ్ళ మధ్య ఆయన పేరు కనపడితే, మా ఊరివాళ్ళే అచ్చుతప్పు అనుకున్నారు.

అసలు సంగతి జూన్‌లోనే మొదలైంది. ఒక పొద్దున మామగారు కెటిల్ ఎత్తి టీ పోసుకున్నాడు. తాగబోయి, నా మీద విరుచుకుపడ్డాడు.

"కప్పులో టీ ఏదీ?"

"చేపకి పోశారు మావయ్యా."

ఆయన పళ్ళెంలోకి వంగి చూశాడు. పొగబెట్టిన చేప ముక్క టీలో తేలుతోంది. నేను నవ్వాను గానీ ఆయన నవ్వలేదు. లేచి, నా చెయ్యి పట్టుకుని పనిముట్ల షెడ్డుకి తీసుకుపోయాడు. గుంటలు తవ్వే ఇనప గొట్టం ముందు నిలబెట్టి, "దీని మీద చెయ్యి వెయ్యి" అన్నాడు. మా రేవు వాళ్ళకి ఇనుము మీద ఒట్టంటే ప్రాణం మీద ఒట్టే. ఆయనకది తెలుసు.

"కళ్ళకి పొరలొచ్చాయి అమ్మాయ్. చలికాలం నుంచి. పచ్చదనం కనపడుతుంది, గుంట అంచు కనపడదు. అంచు చితికిందో లేదో నువ్వు చూసి చెప్పాలి. ఎవరికీ తెలీకూడదు. నినియన్‌కి అసలే తెలీకూడదు."

"ఇంకెవరికైనా అప్పజెప్పొచ్చుగా మావయ్యా ఈ పని?"

"పదకొండేళ్ళు ఎదురుచూశా. ఈ ఒక్క పోటీ కానీ. తర్వాత ఈ గొట్టం మూల పడేస్తా."

ఏం చేయను, ఒట్టు వేశాను. అప్పటినుంచి రోజూ తెల్లవారుతూనే ఆయన వెంట పోయేదాన్ని. నినియన్‌తో మాత్రం మా అమ్మకి ఎర కోసం ఆల్చిప్పలు ఏరడానికి పోతున్నానని చెప్పాను. పెళ్ళయిన పన్నెండేళ్ళలో ఆయనతో ఆడిన మొదటి అబద్ధం. నిద్ర సరిగ్గా పట్టేది కాదు.

అర్హత పోటీ ముగిసిన మంగళవారం సాయంత్రం క్లబ్బు కార్యదర్శి మేజర్ హెప్‌బర్న్ మా గుమ్మంలోకి వచ్చాడు. లోపలికి రమ్మంటే రాలేదు.

"ఎబెన్, ఒకే ఇంట్లో గుంటలు తవ్వేవాడూ ఉన్నాడు, ఆడేవాడూ ఉన్నాడు. పేపర్లవాళ్ళు అడుగుతున్నారు. మీలో ఒకళ్ళు తప్పుకోండి."

"తప్పుకోను" అన్నారు ఇద్దరూ ఒక్కసారే. తండ్రీకొడుకులు ఒక్కమాట మీద ఉండడం నేను చూసింది అప్పుడే.

మేజర్ చేతికర్రతో గుమ్మాన్ని తట్టాడు. "అయితే వినండి. ఏ గుంట ఎక్కడుందో ఈ ఇంట్లోంచి ఒక్క ముక్క నినియన్‌కి అందిందని తేలిందా, వాడి పేరు కొట్టేస్తాం. ఉద్యోగాలు రెండూ పోతాయి. ఇల్లు క్లబ్బుది, అదీ ఖాళీ చెయ్యాలి." తర్వాత నాకేసి తిరిగాడు. "నువ్వూ విన్నావు కదమ్మా?"

"విన్నాను దొరగారూ" అన్నాను. నా గోళ్ళ సందుల్లో పొద్దుటి మైదానం ఇసుక ఇంకా అలాగే ఉంది. చేతులు ఆప్రాన్‌లో దాచుకున్నాను.

ఆ రాత్రి నుంచే మామగారు దుప్పటి పట్టుకుని షెడ్డులో మకాం పెట్టాడు. కొడుకు ఎదురొస్తే ఇటు దారి అటు తిరిగేవాడు. కొడుకూ అంతే. ఇద్దరికీ మధ్య గంజి గిన్నెలు మోస్తూ నేను. షెడ్డులో ఈయన, "వాడి మోకాలు వాచిందా?" అనేవాడు. ఇంట్లో ఆయన, "నాన్న తిన్నాడా?" అనేవాడు. ఈయన మాట ఆయనకి చెప్పకూడదు, ఆయన మాట ఈయనకి చెప్పకూడదు.

బుధవారం నినియన్ ఎవరూ అనుకోనంత బాగా ఆడాడు. గురువారం ఆట అయ్యేసరికి మూడోస్థానంలో ఉన్నాడు. ఊరు ఊరంతా నా మీద పడింది. మా అమ్మ కిర్స్టీ చేపల బుట్ట వీపున ఉండగానే వంటింట్లోకి వచ్చేసింది.

"రేపటి గుంటలు ఎక్కడ తవ్వుతాడే మీ ముసలాడు? ఒక్కటి చెప్పు, చాలు."

"నాకేం తెలుసమ్మా?"

"ఓసోసి! నా కడుపున పుట్టి నా దగ్గరే దాస్తావా? నీకేదో తెలుసు. చిన్నప్పుడు చక్కెర దొంగిలించినప్పుడూ ఇదే మొహం."

"బుట్ట దించకుండానే బయల్దేరమ్మా, పుణ్యముంటుంది."

అమ్మ తిట్టుకుంటూ పోయింది. కానీ నా మొహం చూస్తే తెలిసిపోతుందన్న భయం నాలో ఉండిపోయింది. సబ్బుతో మొహం కడుక్కున్నాను, అదేదో పోతుందన్నట్టు.

ఆ సాయంత్రం నినియన్ మోకాలికి తడిగుడ్డ చుట్టుకుని కూర్చుని, ఉన్నట్టుండి అడిగాడు.

"పొద్దున ఆల్చిప్పలు దొరికాయా?"

"ఓ, బుట్టెడు."

"పొద్దున మూడున్నరకి నిండు పోటు కదే. రాళ్ళన్నీ నీళ్ళలోనే ఉంటాయి. ఎక్కడ ఏరావు?"

నా చేతిలో గరిటె ఆగిపోయింది. పడవలవాళ్ళ పిల్లని, ఆటుపోట్లు పాలతో పాటు తాగినదాన్ని, వేళ మర్చిపోయి అబద్ధమాడాను. మా ఊళ్ళో ఐదేళ్ళ పిల్ల కూడా చెయ్యని తప్పు. ఆయన నన్నే చూశాడు. తర్వాత షెడ్డు వైపున్న కిటికీకేసి చూశాడు. ఆయన మొహంలో రంగు మారింది.

"నాన్నతో పోతున్నావా?"

నేను పొయ్యి వైపు తిరిగాను.

"నాన్నకి ఏమైంది బెథీ?"

"ఒట్టేశానయ్యా. అడక్కు."

"చెప్పకు" అన్నాడు వెంటనే, లేచి నిలబడి. "ఇంకేం చెప్పకు. ఆట అయ్యేదాకా నా ముందు నోరెత్తకు. వాతావరణం గురించి కూడా మాట్లాడొద్దు." అలా నేనూ మూగదాన్నయ్యాను. మా ఇంట్లో ఆ పూట గడియారం ఒక్కటే మాట్లాడింది.

శుక్రవారం ఆఖరి రోజు. తెల్లవారుజామున మంచులో పదిహేడు గుంటలు తవ్వి పద్దెనిమిదో గ్రీన్ చేరాం. మామగారు నన్ను సముద్రం వైపు మూలకి తీసుకుపోయాడు. కిందటేడు అల వచ్చి కొట్టేస్తే ఆయనే చలికాలంలో కొత్తగా గడ్డి పరిచిన మూల అది. అక్కడ ఇంతవరకూ ఎవరూ గుంట తవ్వలేదు.

"ఇక్కడా?" అన్నాను.

"ఇక్కడ ఎవడూ ఆడి ఎరగడు. నా కొడుకైనా సరే. అందరికీ సమానం. నేల ఎటు వాలింది చెప్పు, చూద్దాం."

వంగి చూశాను. తేటతెల్లంగా గ్రీన్‌కి అవతల పారే వాగు వైపు వాలి ఉంది. అదే చెప్పాను.

ఆయన బూట్లు విప్పాడు, మేజోళ్ళు విప్పాడు. ముసలి పాదాలు మంచులో పెట్టి, దూడ నడిచినట్టు మెల్లగా నడిచాడు.

"సముద్రం వైపు వాలింది" అన్నాడు. "వెనకాల ఆ ఇసుకదిబ్బ ఉంది చూడు, అది నీ కంటిని మోసం చేస్తోంది. కళ్ళు కనపడింది చెప్తాయి అమ్మాయ్, పాదాలు ఉన్నది చెప్తాయి. నినియన్‌కి ఆరేళ్ళప్పుడే నేర్పా. వాడు మర్చిపోయుంటాడు."

నేను బంతి ఒకటి దొర్లించి చూశాను. వాగు వైపు పోతుందనుకున్నది నెమ్మదిగా సముద్రం వైపు తిరిగింది. ఆ నిమిషం నుంచి అది తెలిసినవాళ్ళం లోకంలో ఇద్దరమే, ఆ ఇద్దరిలో ఒకత్తె ఆడేవాడి పెళ్ళాం. తెలియకుండా ఉంటే ఎంత హాయిగా ఉండేదాన్నో!

సాయంత్రం ఐదింటికి ఆ గ్రీన్ చుట్టూ ఇసుకేస్తే రాలనంత జనం. నేనూ మామగారూ తాడు పక్కన నిలబడ్డాం. అప్పటిదాకా అందరికన్నా ముందున్న అమెరికా ఆటగాడు వాస్ మా కళ్ళముందే వచ్చాడు. ఐదడుగుల దూరంలో బంతి. వంగి చూశాడు, వెనక్కెళ్ళి చూశాడు, కొట్టాడు. వాగు వైపు తిరగాల్సిన బంతి సముద్రం వైపు తిరిగి గుంట పక్కనుంచి పోయింది. ఆయన నేలని చూసిన చూపు నేను మర్చిపోలేను. నినియన్ అప్పటికి పదిహేడో గుంట దగ్గరే ఉన్నాడు. ఇది చూడలేదు.

తర్వాత అరగంటకి నినియన్ కుంటుకుంటూ వచ్చాడు. కర్రల సంచి మోస్తున్న మా అన్న లోరీ మొహంలో నెత్తురు చుక్క లేదు. నినియన్ బంతి గుంటకి ఆరడుగుల దూరంలో ఆగింది. ఇది ఒక్క దెబ్బలో పడితే గెలుపు. పడకపోతే వాస్‌తో సమానం, రేపు ఇద్దరూ మళ్ళీ మైదానం రెండు చుట్లు, ముప్పైయారు గుంటలు ఆడాలి. ఆ మోకాలితో రేపు మంచం దిగడమే ఎక్కువ.

"ఎక్కడున్నాడు?" అన్నాడు మామగారు గుసగుసగా.

"బంతి వెనకాల కూర్చుని చూస్తున్నాడు."

"ఎటు చూస్తున్నాడు?"

నేను నోరు తెరిచేలోపే నినియన్ తల ఎత్తాడు. అంత జనంలో నేరుగా నాకేసి చూశాడు.

నాకు తెలుసని ఆయనకి తెలుసు. నా మొహం తెరిచిన పుస్తకమనీ తెలుసు. సముద్రం వైపు చూశానా, చెప్పినట్టే. వాగు వైపు చూశానా, అదీ ఏదో ఒకటి చెప్పినట్టే. కిందికి చూస్తే నేల, ఎదురుగా చూస్తే ఆయన. నాకు చూడ్డానికి ఎక్కడా చోటు మిగల్లేదు. గట్టిగా కళ్ళు మూసుకున్నాను.

కాసేపటికి జనం నవ్వుతున్నారు. కళ్ళు తెరిచాను. నినియన్ గ్రీన్ మీద కూలబడి బూట్లు విప్పుతున్నాడు.

"ఏంటే ఆ నవ్వు?" అన్నాడు మామగారు.

"బూట్లు విప్పాడు మావయ్యా."

ఆయన నా మోచెయ్యి పట్టుకున్నాడు. ఆ పట్టు ఇప్పటికీ నాకు గుర్తు.

నినియన్ మేజోళ్ళు కూడా తీసి, బంతి పక్కనుంచి గుంటదాకా ఒకసారి నడిచి, మళ్ళీ వెనక్కి వచ్చాడు. కర్ర పట్టుకుని నిలబడ్డాడు. గుంటకేసి కాదు, వాగు వైపు గురి పెట్టాడు. నా వెనకాల ఎవరో, "అయ్యో, తప్పు కొడుతున్నాడ్రా!" అన్నారు. కొట్టాడు. బంతి వాగు వైపు పోయింది, పోయింది, ఇంక అయిపోయిందనుకున్నాను. సగం దూరంలో అటు పోకుండా సముద్రం వైపు తిరిగింది.

గుంట అడుగున పెట్టిన రేకు డబ్బా టిక్కుమంది.

"పడింది" అన్నాడు మామగారు, జనం అరవడానికి ముందే.

సాయంత్రం వెండి కప్పు మా వంటింటి బల్ల మీద, రొట్టెలకీ చేపలకీ మధ్య ఉంది. మామగారు నాలుగు రోజుల తర్వాత ఇంట్లోకి వచ్చాడు. కొడుకుతో ఏమీ అనలేదు. కప్పు మీద చెక్కిన పేర్లని వేళ్ళతో తడిమి చూస్తున్నాడు. నినియన్ ఆ వేళ్ళనే చూస్తున్నాడు. ఆయనకి అర్థమైపోయింది.

"ఎంత కనపడుతుంది నాన్నా?"

"నువ్వో మచ్చలా కనపడుతున్నావు. అయినా అందగాడివే."

అందరం నవ్వాం. నవ్వు ఆగాక నినియన్ చెంచా కింద పెట్టాడు.

"నాన్నా, ఒకటి చెప్పాలి. ఆఖరి బంతికి నేను బెథీ మొహంలోకి చూశా. ఏమైనా దొరుకుతుందేమోనని చూశా. సిగ్గులేని పని, చేశా. ఇది కళ్ళు మూసుకుంది. అది చూడగానే నాకు మీ మాట గుర్తొచ్చింది, కళ్ళు, పాదాలు, ఆ మాట. అప్పుడే బూట్లు విప్పా."

చెప్పకూడదని మూసుకున్న కళ్ళే చెప్పేశాయా? ఇనుము మీద ఒట్టు, మేజర్ మాట, ఈ ఇల్లు, ఆ కప్పు, అన్నీ ఒక్కసారి నా మీద పడ్డాయి. ఏడుపొచ్చేసింది.

"నేనేం చెప్పలేదు మావయ్యా!"

"నువ్వు చెప్పలేదు" అన్నాడు ఆయన. కప్పుని తన ముందునుంచి జరిపేశాడు. "దీని మీద గుడ్డ కప్పండి. పొద్దున్నే ముగ్గురం మేజర్ దగ్గరికి పోదాం."

"గెలిచింది పోతుంది" అన్నాను.

"పోతే పోనీ. నా గుంటలో పడ్డది నికార్సుగా పడాలి."

నినియన్ తలూపాడు. ఆ ఇద్దరూ ఒక్కమాట మీదుండడం అది రెండోసారి.

శనివారం పొద్దున ఓపెన్ విజేతా, ఆయన తండ్రీ, నేనూ క్లబ్బు వెనక వంటగది గుమ్మం దగ్గర నిలబడ్డాం. కూలికి ఆడేవాళ్ళూ, కర్రలు చెక్కేవాళ్ళూ ముందు గుమ్మంలోంచి పోకూడదు. కప్పు పిండిసంచిలో ఉంది. మామగారి చేతిలో ఇనప గొట్టం. మేజర్ చొక్కా చేతులు పైకి మడిచి, నోట్లో రొట్టెముక్కతో వచ్చాడు. మామగారు మొదట్నుంచీ చెప్పాడు, తన కళ్ళ సంగతితో సహా. నినియన్ తన వంతు చెప్పాడు. మేజర్ రొట్టె మింగడం మర్చిపోయాడు.

"గుంటలన్నీ తవ్వింది గుడ్డివాడా?"

"సగం గుడ్డి దొరగారూ. మిగతా సగం ఈ అమ్మాయి."

ఆయన నాకేసి తిరిగాడు. "నువ్వెందుకు కళ్ళు మూసుకున్నావు?"

"ఎటు చూసినా చెప్పినట్టే అవుతుందని. సముద్రం వైపు చూస్తే ఒకటి, వాగు వైపు చూస్తే ఒకటి. ఇంకెక్కడ చూడను దొరగారూ?"

మేజర్ లోపలికెళ్ళి నిబంధనల పుస్తకం తెచ్చాడు. గుమ్మంలోనే నిలబడి పేజీలు తిప్పాడు. అంత చిన్న పుస్తకం, అంతసేపు. నినియన్ బరువు ఈ కాలి మీంచి ఆ కాలికి మార్చుకుంటున్నాడు. నేను గుమ్మానికున్న ఇనప గొళ్ళెం పట్టుకుని నిలబడ్డాను. ఆఖరికి పుస్తకం మూసి జేబులో పెట్టుకున్నాడు.

"ఆటగాడి పెళ్ళాం భయపడకూడదని ఇందులో ఎక్కడా లేదు. పైగా ఆ నిమిషంలో కళ్ళు తెరిచినవాడు ఎవడున్నాడయ్యా ఈ ఊళ్ళో? నేనే మూసుకున్నా." ఆయన చెవులు ఎర్రబడ్డాయి. "కప్పు ఇంటికి తీసుకుపో నినియన్."

నాకు ఊపిరి అప్పుడొచ్చింది. కానీ ఆయన ఇంకా పోలేదు.

"ఎబెన్, నీ పని మాత్రం ఇవాళ్టితో సరి."

"తెలుసు దొరగారూ." మామగారు ఇనప గొట్టాన్ని మెట్టు మీద పెట్టాడు. నలభై ఏళ్ళు మోసినదాన్ని, పసిబిడ్డని పడుకోబెట్టినట్టు పెట్టాడు. నేను చూడలేకపోయాను.

మేజర్ దాన్నీ, నన్నూ మార్చి మార్చి చూశాడు. "దీన్ని నా గుమ్మంలో వదిలేస్తే ఎలా? పద్దెనిమిదోది ఇంకా పూడ్చలేదు. సోమవారం మెంబర్లు ఆడాలి. ఎవరికి చేతనవుతుందో వాళ్ళు తీసుకుపోండి" అని తలుపేసుకున్నాడు. ఎవరి పేరూ చెప్పలేదు. నేను వంగి గొట్టం ఎత్తుకున్నాను. అనుకున్నంత బరువు లేదు.

నినియన్ సంచితో ఇంటికి పోయాడు. మేమిద్దరం పద్దెనిమిదో గ్రీన్‌కి పోయాం. పాత గుంట పూడ్చాను. మామగారు నా పక్కన నిలబడి, "బూట్లు విప్పు" అన్నాడు.

విప్పాను. మంచు ఎముకల్లోకి దిగింది. అడుగు వేశాను, ఇంకో అడుగు వేశాను. ఏమీ తెలియలేదు. ఆయన పొరలు కమ్మిన కళ్ళు నా పాదాల మీదే ఉన్నాయి.

"ఎటు?"

"తెలీడం లేదు మావయ్యా."

"నిన్న చేసినట్టు చెయ్యి."

కళ్ళు మూసుకున్నాను. ఈసారి భయం లేదు. మడమ కింద నేల సన్నగా, ఒకే వైపుకి జారడం తెలిసింది. చెప్పాను. మామగారు చేతులు చాచి, నా చేతిలోని గొట్టాన్ని వెతుక్కుని, నా వేళ్ళ మీద తన వేళ్ళు వేసి, నేలలోకి నొక్కాడు.